పరీక్ష వాయిదా అంట కదా?

మంగళవారం, రాత్రి 10.30

పొద్దున్నుంచీ ముసురు. సెమిస్టర్ పరీక్షలప్పుడు ముసురు పట్టిందంటే హాస్టళ్లలో ఒకటే మాట: "పోస్ట్‌పోన్ అంట కదా, నిజమేనా?" మధ్యాహ్నానికి అది బ్రాంచి గ్రూపు, హాస్టల్ గ్రూపు, సీనియర్ల గ్రూపు అన్నీ తిరిగేసింది. మెస్‌లో సాంబారు చల్లారిపోతున్నా తలలు పైకి లేవలేదు.

ఫోను ఎన్ని గంటలు చూశారన్న లెక్కతో ఈ ఆందోళన అంతుపట్టదు. మూడు గంటలు మ్యాచ్ చూసినవాడు ఆ తర్వాత పుస్తకం తీయగలడు. పరీక్ష ఉందో లేదో తేలనివాడికి పావుగంట చాలు, ఇక ఒక్క పేజీ కూడా తలకెక్కదు. గ్రూపులో వందల మెసేజీలు పడతాయి, అన్నీ ప్రశ్నలే, జవాబు చెప్పేవాడు ఒక్కడూ ఉండడు.

ఇవాళ తిరిగిన సర్క్యులర్ ఫొటోనే చూడండి. వాట్సాప్‌లో మెసేజి మీద రెండు బాణాలు కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అబద్ధమని కాదు, పంపినవాడు రాసినది కాదని మాత్రమే. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. కానీ స్క్రీన్‌షాట్ తీసి పంపితే బాణాలు మాయం, కొత్త ఫొటో కింద లెక్క. నిరుటి వాయిదా కాగితం తేదీ కత్తిరించుకుని మళ్లీ బయల్దేరేది ఈ దారినే. అందుకని చూడాల్సింది లెటర్ నంబరు, తేదీ, పరీక్షల కంట్రోలర్ సంతకం. జేఎన్‌టీయూ హైదరాబాద్ వాళ్లయితే అది ఏ రెగ్యులేషన్ (ఏ నిబంధనలు, సిలబస్) బ్యాచికో, అంటే ఆర్18కా, ఆర్22కా అన్నది కూడా. యూనివర్సిటీ సైటు అడ్రసు చేత్తో టైపు చేసి తెరవాలి, గ్రూపులో వచ్చిన లింకు నొక్కి కాదు.

ఇక గ్రూపుల గోల ఆపాలంటే, వాట్సాప్ మ్యూట్‌లో 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడుంటాయి. 8 గంటలది ఇక్కడ పనికిరాదు. సాయంత్రం పెడితే సరిగ్గా అర్ధరాత్రి దాటాక గోల మళ్లీ మొదలు. కబుర్ల గ్రూపులకు ‘ఎప్పటికీ’ పెట్టి, ఆర్కైవ్‌లో పడేయాలి.

అసలు మందు సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) చేతిలో ఉంది. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే గ్రూపు ఒకటి పెట్టి, "ఇప్పటికైతే పరీక్ష యథాతథం. సైటు చూశాను. మళ్లీ 8కి చూసి చెప్తా" అని రాస్తే సగం హాస్టల్ సద్దుమణుగుతుంది. అందులో పనిచేసేది ఆ ‘మళ్లీ 8కి’. అదొక్కటి లేకపోతే ప్రతి ఐదు నిమిషాలకూ ఎవరికివాళ్లే వెతుక్కుంటారు. కొత్త కబురేమీ లేకపోయినా 8కి లేదని రాయాలి. రాయకపోతే రెండోసారి ఎవరూ నమ్మరు.

పరీక్షలైపోయాక కూడా నిద్ర పట్టక, గుండె దడ తగ్గకపోతే ఇవేవీ చాలవు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

హాల్‌టికెట్ ప్రింటు మాత్రం ముందురోజే తీసుకోవాలి. ఈ వానకి పొద్దున జిరాక్స్ షాపులో కరెంటుంటుందన్న నమ్మకం లేదు.