అంగస్తంభన సమస్య: మాత్ర కంటే ముందు చేయించుకున్న పరీక్షలు

45 దాటిన మగవాడికి అంగస్తంభన తగ్గితే మనవైపు అందరూ చెప్పే కారణం నరాల బలహీనత. యూరాలజిస్టు దగ్గర నాకు జరిగిన పరీక్షలు మాత్రం ఎక్కువగా రక్తనాళాల చుట్టూనే తిరిగాయి. అంగానికి రక్తం తీసుకెళ్లే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండె ధమనులది మూడు నాలుగు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ల వల్ల ధమనుల లోపలి పొర దెబ్బతింటే ఆ తేడా ముందు సన్నవాటిలోనే బయటపడుతుంది. గుండెజబ్బు తెలియడానికి కొన్నేళ్ల ముందే ఈ సమస్య మొదలయ్యేవాళ్లు చాలామంది. అందుకే డాక్టరు గారు మొదట అడిగింది, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఛాతీ బరువెక్కుతుందా అని.

తర్వాతి ప్రశ్నలకు జవాబులు ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లడం మంచిది. ఎన్నాళ్ల నుంచి? మూడు నెలలు దాటితేనే దీన్ని జబ్బుగా లెక్కిస్తారు. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా తగ్గిందా? తెల్లవారుజామున నిద్రలేచేసరికి స్తంభన ఉంటోందా? ఉంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు పనిచేస్తున్నట్టే. అప్పుడు ఆందోళన, దిగులు, దంపతుల మధ్య కలతల వైపు చూస్తారు. ఉదయం కూడా లేకుండా క్రమంగా తగ్గుతూ వస్తే కారణం ఒంట్లో ఉందని అనుమానిస్తారు. రెండూ కలిసి ఉండటమూ మామూలే. ఐదు ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. 25కి 21 లేదా అంతకన్నా తక్కువ వస్తే సమస్య ఉన్నట్టు.

వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లాలి, ఇది చాలా ముఖ్యం. గుండె వేగాన్ని, బీపీని తగ్గించే ఎటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, దిగులుకు వాడే సెర్ట్రలిన్, పారొక్సెటిన్, జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్, ఇవన్నీ ఈ సమస్య తేగలవు. నా బీపీ మాత్ర ఎటెనొలాల్. దాని మోతాదు మెల్లగా తగ్గించి టెల్మిసార్టాన్‌కు మార్చారు. మనంతట మనం ఆపకూడదు. బీటా బ్లాకర్ ఉన్నట్టుండి మానేస్తే గుండె వేగం, బీపీ ఎగసి ప్రమాదం తెస్తాయి.

రక్తపరీక్షల్లో పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఉంటాయి. అవసరమైతే థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే మరో హార్మోన్ కూడా చూస్తారు. టెస్టోస్టెరాన్‌కు రక్తం ఉదయం 10 లోపే ఇవ్వాలి, సాయంత్రానికి అది తగ్గిపోతుంది. జ్వరం వచ్చినా, రాత్రి నిద్ర లేకపోయినా తక్కువ చూపిస్తుంది. డెసీలీటరుకు 300 నానోగ్రాముల లోపు వస్తే మరో రోజు ఉదయం మళ్లీ చేయించాకే నమ్మాలి. ఒక్క రిపోర్టు చూసి హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టడం తప్పు. నా టెస్టోస్టెరాన్ బాగానే ఉంది. హెచ్‌బీఏ1సీ మాత్రం 7 దాటింది. 6.5 నుంచే మధుమేహం. దాహం, అతిమూత్రం ఏవీ లేకుండానే షుగర్ లోపల పనిచేస్తూ ఉండింది.

అంగానికి స్తంభన తెచ్చే ఇంజెక్షన్ ఇచ్చి రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ అందరికీ అక్కర్లేదు, నాకూ రాయలేదు. చేయించుకున్నవాళ్లకు స్తంభన నాలుగు గంటలైనా దిగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్ర చివర్లో వచ్చింది, సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు. గంట ముందు, ఖాళీ కడుపుతో వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా, బలహీనంగా పనిచేస్తుంది. కోరిక, స్పర్శ లేకుండా దానంతట అది స్తంభన తేదు. పనిచేయలేదనేవాళ్లలో చాలామంది ఈ రెండింట్లోనే తప్పుతారు. ఇదే రకం మరో మాత్ర టడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది, భోజనంతో పేచీ లేదు.

ప్రకటనలు చూసి లేహ్యాలు, పొడులు కొనకండి. అలాంటి వాటిలో ఎంత కలిపారో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన సందర్భాలు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లతో అది కలిస్తే బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే సిగ్గుపడకుండా మాత్ర వేసుకున్న సమయం చెప్పాలి. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ఈ మాట భార్యకూ తెలిసి ఉండాలి, ఆ సమయంలో మనం చెప్పలేని స్థితిలో ఉండొచ్చు.