నాకేం రాదు మేడం

"నేను ప్రతిసారీ లోపలిదాకా సబ్బుతో కడుక్కుంటా మేడం, నాకేం రాదు." ఈరోజు సుఖవ్యాధుల గురించి కౌన్సెలింగ్‌లో ఒక సెక్స్ వర్కర్ ఈ మాట ఎంత ధీమాగా చెప్పిందో!

అలా కడిగితే ఇన్ఫెక్షన్ పోదు. యోనిలో మనల్ని కాపాడే మంచి బ్యాక్టీరియా పోతుంది, లోపలి పొర దెబ్బతింటుంది, రిస్క్ ఇంకా పెరుగుతుంది. శుభ్రంగా ఉండాలన్న ఆవిడ తాపత్రయమే ఆవిడకి చేటు చేస్తోంది.

కండోమ్ సంగతి మాత్రం చక్కగా తెలుసు. రెండు కలిపి వేసుకుంటే రాపిడికి చిరుగుతాయని, నూనె తగిలితే రబ్బరు పాడవుతుందని తనే చెప్పింది. మరి వాడుతున్నారా అంటే, "ఒప్పుకున్నవాళ్లతో" అంది. వద్దనేవాడు డబ్బు ఎక్కువిస్తానంటాడు, తాగి ఉంటే చెయ్యెత్తుతాడు. ఇంట్లో మనిషి దగ్గరైతే ఆ మాటే ఎత్తదట, నా మీద నమ్మకం లేదా అంటాడని.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. "వాళ్లకి అవగాహన లేదు" అని తేల్చేస్తారు. కండోమ్ వద్దని గొడవపడే మగవాడి అవగాహన సంగతి ఎవరూ అడగరేం?

క్లమీడియా, గనేరియా అనే సుఖవ్యాధులు చాలామంది ఆడవాళ్లలో ఏ లక్షణమూ చూపించవు. అందుకే బాగానే ఉన్నా పరీక్ష చేయించుకోమన్నాను. సిఫిలిస్ అనే ఇంకో సుఖవ్యాధి తొలిదశలో ఉంటే మామూలుగా ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుందంటే నమ్మలేనట్టు చూసింది. కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు హెచ్ఐవీ రాకుండా మందులు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వస్తే అంత మేలు. ఈ మాట మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది, తోటివాళ్లకి చెప్పాలట.