గాలానికి కెర్రీ వెళ్తే వానని తిట్టకండి

ఐర్లండ్ గురించి నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, అక్కడ వాన ఏ నెలలో ఉండదు అని. ఊళ్ళు చూడ్డానికైతే సరే. గాలం వేయడానికి వెళ్ళేవాళ్ళు మాత్రం వాన ఎప్పుడు పడుతుందా అని చూసుకోవాలి, ఎందుకంటే పొడి వారం దొరికిందంటే ఏట్లో చేప దొరకడం కష్టం.

నేను చెప్పేది నైరుతి మూలనున్న కెర్రీ కౌంటీ గురించి. మా అక్కా బావా పక్కనే కార్క్‌లో ఉంటారు, అందుకని మకాం ఖర్చు కలిసొచ్చి చెన్నై ఎండలు తప్పించుకోవడానికి అప్పుడప్పుడూ అక్కడ తేలుతుంటాం. (ఐరోపాలో చాలా దేశాలకి ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఐర్లండ్ లేదు, ఆ వీసా చెల్లదు, ముందే చెప్తున్నా.) అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని, దాదాపు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నా కూడా వాలెన్షియా దీవి దగ్గర జనవరి సగటు 7 డిగ్రీలు, జులైలో 15. అదే సముద్రానికి అవతలి ఒడ్డున, ఇంకా దక్షిణంగా ఉన్న న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర వసంతకాలంలో మంచుకొండలు తేలుతుంటాయి. అయితే మైల్డ్ క్లైమేట్ అని చదివి కాటన్ చొక్కాలు సర్దుకోకండి, నడివేసవిలో 15 అంటే మనకి స్వెట్టరే. వాన లెక్క ఇంకా తమాషా. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు, వాలెన్షియాలో 1,500 పైచిలుకు, పెద్ద తేడా లేదు. మనకి అందులో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్య కుమ్మరించి వేళచ్చేరి లాంటి చెన్నై పల్లపు పేటల్ని ముంచుతుంది, వాళ్ళకి ఏడాది పొడవునా జల్లులు జల్లులుగా పడుతుంది.

ఆ జల్లులతోనే పని. సాల్మన్, సీ ట్రౌట్ అనే చేపలు సముద్రంలో మేసి బలిసి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతాయి. వేసవిలో చిన్న ఏరుల్లో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు కాబట్టి చేపలు మొగ దగ్గరే కాచుకుని ఉంటాయి. రాత్రంతా కురిసి ఏరు పొంగి, పొద్దున తగ్గుముఖం పట్టి, నీళ్ళు కాస్త తేరుకుంటున్న ఆ కొన్ని గంటలే గాలానికి అసలు సమయం. వాటర్‌విల్ పక్కనున్న ఇనీ నది అచ్చం ఇలాంటిదే. ఇదంతా యానాంలో ఉండే మా మామయ్యకి ఫోన్లో ఉత్సాహంగా చెప్తే ఆయనకేం వింతగా అనిపించలేదు. "ఎర్రనీళ్ళు రాకుండా పులస ఎక్కుద్దేంట్రా?" అన్నారు. అంతే మరి. అన్నట్టు, కిలార్నీ దగ్గర లాక్ లేన్ అనే సరస్సులో మన పులసకి దూరపు చుట్టం లాంటి చేప ఒకటుంది, కిలార్నీ షాడ్ అంటారు. అది సముద్రం ముఖం చూడకుండా అక్కడే ఉండిపోయింది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

సరే, వాటర్‌విల్. చార్లీ చాప్లిన్ కుటుంబంతో సెలవులకి వచ్చేవాడట, ఒడ్డున విగ్రహం కూడా పెట్టారు. నాకు ఆ ఊరు నచ్చిన కారణం వేరు. ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లాక్ కరాన్ సరస్సు, రెంటినీ కలుపుతూ చాలా చిన్న ఏరు. నైరుతి గాలి లేచి అలలు రాళ్ళని ఉతుకుతున్న రోజున సముద్రం వదిలేసి సరస్సులో పడవ ఎక్కొచ్చు. అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటే లాభం లేదు, కాస్త గాలి కొట్టి అల లేస్తేనే ఈకలతో కట్టిన దొంగ ఈగని చేప నిజమనుకుంటుంది. పడవ నడిపే గిల్లీని పెట్టుకోండి, డబ్బు ఎక్కువే, కానీ సీ ట్రౌట్ ఏ రాతి పక్కన ఉంటుందో ఆయనకి తెలుసు.

సముద్రంలో మొదటి రోజే సరదా తీరాలంటే మాకెరెల్. మన కానాగంతలకి చుట్టమే, వేసవిలో గుంపులుగా ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, పిల్లలు కూడా పట్టేస్తారు. పొల్లాక్ అలా కాదు, గాలం మింగగానే కింద నాచు అడవిలోకి దూకుతుంది, దారం బిగించి ఆపకపోతే చేపా పోతుంది, గాలమూ పోతుంది. ఇక్కడ మనవాళ్ళకి అలవాటు లేనిది ఒకటుంది. చెన్నై మెరీనాలో పోటుకీ పాటుకీ తేడా మీటరుకి అటూ ఇటూ, పట్టించుకోం. అక్కడ అమావాస్య, పౌర్ణములకి మూడు మీటర్లు దాటుతుంది. పాటు వేళ నడిచి వెళ్ళిన రాయి పోటుకి దీవి అయిపోతుంది. పోటు సమయాలు చూసుకోకుండా, లైఫ్ జాకెట్ లేకుండా రాళ్ళ మీదకి వెళ్ళకండి, సెల్ఫీ కోసం సముద్రానికి వీపు అసలే పెట్టకండి.

రూల్స్ గట్టివి. సముద్రంలో గాలానికి లైసెన్స్ అక్కర్లేదు కానీ సాల్మన్‌కీ సీ ట్రౌట్‌కీ కావాలి, ఉంచుకున్న ప్రతి సాల్మన్‌కీ ట్యాగ్ కట్టి రాసుకోవాలి, గాలంతో పట్టినదాన్ని అమ్మకూడదు. సముద్రంలో సాల్మన్‌కి వేసే డ్రిఫ్ట్ వలలని (నీటితో పాటు కొట్టుకుపోయేలా వదిలే వలలు) 2007 నుంచి ఆపేశారు. 42 సెంటీమీటర్ల లోపు బాస్ చేప పడితే వదిలేయాల్సిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట ఆగిపోయి చెన్నై కాశిమేడు చేపల రేవులో వంజరం ధర ఆకాశానికి అంటితే గొణిగే మనం, అక్కడ పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోకి వదలడం చూసి గుండె పట్టుకుంటాం. మాకెరెల్‌ని మాత్రం మా అక్క వదల్లేదు, చింతపండు పులుసు పెట్టింది. కొవ్వు ఎక్కువ, పులుపు కాస్త ఎక్కువే పడాలి.

ఇంకొకటి, ఒక సరస్సులో వాడిన బూట్లు, వల ఇంకో సరస్సుకి తీసుకెళ్ళేముందు కడిగి పూర్తిగా ఆరబెట్టమంటారు, రోగాలూ పరాయి జీవులూ పాకకుండా. ఆ వానలో ఎక్కడ ఆరేయాలని బావని అడిగితే హాల్లో హీటర్ మీద చూపించారు, అక్క ఏమందో ఇక్కడ రాయను.