మీసోసైక్లాప్స్ పిల్లలు మళ్లీ అక్కడే ఆగాయి

మళ్లీ అదే చోట. నేను ఇంట్లో పెంచుతున్న మీసోసైక్లాప్స్ (చెరువు నీళ్లలో ఉండే నలుసంత సైక్లాప్స్ రకం) పిల్లలు ఆరో నాప్లియస్ (తొలి పిల్ల రూపం) దశ దాకా హాయిగా బతికి, కోపెపోడైట్‌గా (పెద్దదాని ఆకారమొచ్చే తర్వాతి దశ) మారే కుబుసం దగ్గర వరసగా చచ్చిపోతున్నాయి. విసుగొచ్చేసింది.

మిగతావి బానే ఉన్నాయి. ఆస్ప్లాంక్నా అనే వేటాడే సూక్ష్మజీవి పెరిగిన నీళ్లు వడగట్టి, దానికి తిండయ్యే బ్రాకియోనస్ సీసాలో పోస్తే, తర్వాత పుట్టినవాటికి వెనక పొడుగాటి ముళ్లు వచ్చాయి. బెంగళూరు జక్కూరు చెరువులో పట్టిన మొయినా (చిన్న నీటి ఈగ) అయితే బకెట్ నిండా.

ఇక అసలు గొడవ. గుడ్ల సంచులున్న ఆడ మీసోసైక్లాప్స్‌ను ఒక్కోదాన్ని 50 మిల్లీలీటర్ల కప్పులో విడిగా పెట్టి, పిల్లలు బయటికి రాగానే తల్లిని డ్రాపర్‌తో తీసేశాను. ఉంచితే సొంత పిల్లల్నే తినేస్తుంది. కాబట్టి తల్లి మీద అనుమానం లేదు. ఒక కప్పులో సన్నని నాచుతో నిండిన పచ్చ నీళ్లు, ఇంకోదాంట్లో పచ్చ నీళ్లతో పాటు 5 మొయినాలు, మూడోదాంట్లో గోధుమ గింజల నీళ్లలో పెంచిన పారమీసియం.

మొయినా కప్పులో బతికున్న పిల్లలు సోమవారం 41, బుధవారం 17, గురువారం సున్నా. నీళ్లు పూర్తిగా తేరుకున్నాయి, నాచంతా మొయినాలే వడగట్టి తినేశాయి. పెద్దయ్యాక మీసోసైక్లాప్స్ తినేది ఈ మొయినా పిల్లల్నే. చిన్నప్పుడు మాత్రం వీటితోనే నాచు కోసం పోటీ పడాలి, అక్కడ ఓడిపోతోంది. చెరువులో మొయినా విపరీతంగా పెరిగినంత మాత్రాన దాన్ని వేటాడేవీ పెరగాలని లేదు. ఒక తరం మొత్తం పసితనంలోనే పస్తులతో పోవచ్చు.

పారమీసియం కప్పు: 38, 30, 12, 3. దీనికి కారణం సులువుగానే తడుతోంది. అప్పుడే పుట్టిన నాప్లియస్ నా స్కేలు మీద 100 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ, పారమీసియం 200. తనకంటే రెట్టింపు ఉన్నదాన్ని ఎలా తింటుంది?

అర్థం కానిది పచ్చ నీళ్ల కప్పే. సోమవారం 44, బుధవారం 40, శుక్రవారం 35. ఆదివారానికి 6! శుక్రవారం సాయంత్రం ఒకదాన్ని 100 రెట్లలో చూశాను. పాత తొడుగు వీపు మీద చీలింది, వెనక భాగం బయటికొచ్చింది, ముందు మీసాలు మాత్రం లోపలే. చొక్కా తలలో ఇరుక్కున్న పిల్లాడిలా చాలాసేపు కొట్టుకుని ఆగిపోయింది.

తిండి చాలక కాదు, పేగు పచ్చగా కనిపిస్తూనే ఉంది. నీళ్లా? కుళాయి కావేరి నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) 180, బోరు 720, రెండింట్లోనూ ఇదే కథ. నా అనుమానం పీహెచ్ మీద. ఉదయం 7.4, మధ్యాహ్నం మూడింటికి 9.1. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తే పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు నీళ్లలోని అమ్మోనియంలో ఎక్కువ భాగం విషపు అమ్మోనియాగా మారుతుంది. పైగా బాల్కనీలో కప్పు వేడి రాత్రి 20 డిగ్రీలు, మధ్యాహ్నం 31. పక్కనే ఉన్న 10 లీటర్ల బకెట్లో 24 నుంచి 27 మధ్యే, అందులో పెద్దవి దర్జాగా తిరుగుతున్నాయి.

అన్నట్టు, ఇలాంటి నలుసంత జీవుల్ని పట్టడానికి ప్లాంక్టన్ వల అని అమ్మేవాటి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. స్క్రీన్ ప్రింటింగ్ షాపుల్లో దొరికే బోల్టింగ్ గుడ్డ చాలు. చెరువు గట్టు మీద చూడ్డానికి కాగితంతో మడిచే చిన్న మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ బావుంటుంది గానీ, కుబుసాలు లెక్కపెట్టాలంటే బల్ల మీద పెట్టే మైక్రోస్కోపే కావాలి. నీళ్లలో క్లోరిన్ తీసేసే సీకెమ్ ప్రైమ్‌ను అందరూ పొగుడుతారు. నేను మాత్రం నీళ్లు పట్టి రెండు రోజులు ఎండలో ఉంచుతాను, ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు.

ఈసారి లీటరు జాడీలు, ఇంట్లో, నీడలో. వంటింటి గట్టు మీదయితే వేడి నిలకడగా ఉంటుంది గానీ అమ్మ ఒప్పుకోదు. నారికురుపును మోసింది సైక్లాప్సేనని ఆవిడకు తెలుసు. ఆ జబ్బు మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే ధ్రువీకరించిందని చెబితే, "అయితే ఏంటి, ఆ పురుగుల నీళ్లు నా గట్టు మీద పెట్టావంటే పారబోస్తా" అంది. పుస్తకాల అలమరలో చోటు చేయాలి.

వేసవిలో చెరువు అంచున ఎండిన మట్టి ఒక డబ్బాడు తెచ్చి నానబెట్టాలని కూడా ఉంది. సైక్లాప్స్ రకాల్లో చాలా వాటికి నాలుగో, ఐదో కోపెపోడైట్ దశలో బురదలో నిద్రపోయే అలవాటు ఉంది. అవి లేస్తే ఈ నాప్లియస్ తలనొప్పి లేకుండానే పెద్దవి దొరుకుతాయి. ఈలోగా బెంగళూరులో ఎవరి దగ్గరైనా కైలోమోనాస్ (పారమీసియం కంటే చాలా చిన్న ఏకకణ జీవి) కల్చర్ ఉంటే చెప్పండి, బదులుగా మొయినా ఎంత కావాలంటే అంత ఇస్తాను.