లక్షో వంతు తేడా

"వాతావరణ పటమా బాబూ, వానేమైనా ఉందా?" అని అమీర్‌పేటలో మెట్రో ఎక్కిన పెద్దాయన నా ఫోనులోకి తొంగిచూసి అడిగారు. తెర మీద ఉన్నది ప్లాంక్ ఉపగ్రహం ఇచ్చిన సమాచారంతో 2013లో విడుదలైన ఆకాశపటం, అండాకారం నిండా నీలం, నారింజ రంగుల మచ్చలు.

"విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పటి వెలుగండీ" అన్నాను. ఆయన నమ్మినట్లు కనిపించలేదు.

ఆ రంగులు చూసి తేడా చాలా ఉందనుకుంటాం గానీ, అవి చూపేది ఆ వెలుగు ఉష్ణోగ్రతను; నేడు సగటున 2.725 కెల్విన్లున్న ఆ ఉష్ణోగ్రతలో హెచ్చుతగ్గులు దాదాపు లక్షో వంతు మాత్రమే. అప్పటి పదార్థ సాంద్రతలోని తేడాలకు అవి గుర్తులు. సాంద్రత రవ్వంత ఎక్కువగా ఉన్న చోటు చుట్టుపక్కల పదార్థాన్ని తనవైపు లాక్కుంది, లాక్కున్నకొద్దీ దాని ఆకర్షణ బలం పెరిగింది. అసలుకు వడ్డీ చేరి, ఆ వడ్డీకి మళ్లీ వడ్డీ పెరిగినట్లు సాగిన వ్యవహారమిది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది కృష్ణ పదార్థం, అంటే కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే పదార్థం (డార్క్ మ్యాటర్) పాత్ర. సాధారణ పదార్థాన్ని ఆ వెలుగు విడుదలయ్యేదాకా కాంతి పీడనం ఒకచోట కూడనివ్వలేదు. కాంతితో పొత్తు లేని కృష్ణ పదార్థం మాత్రం ముందుగానే పోగుపడటం మొదలుపెట్టింది కాబట్టే, తర్వాత హైడ్రోజన్, హీలియం వాయువులు ఆ పోగుల్లోకి జారి, గెలాక్సీలు అంత త్వరగా ఏర్పడగలిగాయి.

2017లో పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా శాస్త్రవేత్తలతో కూడిన బృందం మీనరాశి దిశలో, సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో గుర్తించిన సరస్వతి అనే గెలాక్సీల మహాసమూహానికి మూలం కూడా అలాంటి హెచ్చుతగ్గులే. దాని విస్తృతి దాదాపు 60 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతటిది అంత తొందరగా ఎలా పేరుకుందన్నది దాన్ని కనుగొన్నవారే లేవనెత్తిన ప్రశ్న.