టూబీ, సీతాఫలాలు, కౌబాయ్ కృష్ణ

అక్టోబర్‌లో మా ఆఫీసులో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడరు. సీఏ ఆఫీసులో చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇరవయ్యో తారీకు త్రీబీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్, నెలాఖరుకి రెండో క్వార్టర్ టీడీఎస్ రిటర్న్, మధ్యలో ఆడిట్ కేసులు, పైగా దసరాకి ఊళ్లకెళ్లి జమ్మి ఆకు పంచుకుని ప్రశాంతంగా తిరిగొచ్చిన క్లయింట్లంతా అప్పుడు గుర్తొచ్చినట్టు సెప్టెంబర్ బిల్లులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెడతారు, అదీ వంకరగా, జీఎస్టీ నంబర్ ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టి మరీ.

మాది అబిడ్స్‌లో జీపీఓకి కొంచెం అవతల పాత బిల్డింగ్, మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది, ఎక్కేది కొత్తవాళ్లే. పొద్దున పదికి కూర్చుంటే నిన్నటి రోజంతా రాణిగంజ్ పైపుల షాపు ఫైలుతోనే గడిచింది. విషయం చిన్నదే. ఆ షాపు సేటు సరుకు కొన్నాడు, టాక్స్‌తో సహా డబ్బులు కట్టేశాడు, బిల్లు చేతిలో ఉంది. అమ్మినాయన మాత్రం పదకొండో తారీకు లోపల తన అమ్మకాల రిటర్న్, అదే జీఎస్టీఆర్ వన్, వేయలేదు. వేయకపోతే పద్నాలుగున వచ్చే మనవాళ్ల టూబీలో, అంటే పోర్టల్ చూపించే కొనుగోళ్ల లిస్టులో, ఆ బిల్లు కనపడదు, కనపడకపోతే ఆ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన టాక్స్‌ని ఇప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం, ఈ నెల కుదరదు, కాబట్టి మా సేటు అంత సొమ్మూ ఇప్పుడు క్యాష్‌లో కట్టాలి. ఇదంతా ఫోన్లో చెప్తే ఆయన అన్నీ విని "అది సరే మేడమ్, నేను కట్టింది మళ్లీ నేనెందుకు కట్టాలె" అంటాడు. మళ్లీ మొదట్నుంచి చెప్తాం. మళ్లీ అదే మాట. నిజం చెప్పాలంటే ఆయన అడిగేదాంట్లో తప్పేం లేదు, నాకూ అదే అనిపిస్తది, కానీ ఆ మాట జీతం తీసుకుంటూ పైకి అనలేం కదా.

మధ్యాహ్నం జీఎస్టీ పోర్టల్ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాక కిందికి దిగి చాయ్ తాగొచ్చాం. ఈ రోజుల్లో హైదరాబాద్ వాతావరణం ఓ పట్టాన అర్థం కాదు, తెల్లారుజామున దుప్పటి వెతుక్కుంటాం, ఒంటిగంటకి ఎండ మాడు పగలగొడుతుంది, ఐదింటికి కోఠి వైపు నల్లగా మబ్బు పట్టి ఇదిగో అదిగో అని బెదిరించి చివరికి నాలుగు చినుకులు రాల్చి పోతుంది. స్కూల్లో శరదృతువు అంటే తెల్లటి వెన్నెల, రెల్లుపూలు అని చదువుకున్నాం. మన ఊళ్లో శరదృతువు వచ్చిందని చెప్పేది నాంపల్లి ఫుట్‌పాత్ మీద గంపలు పెట్టుకు కూర్చునే సీతాఫలాలామె. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే కాయలు, కళ్లు విచ్చుకుని తెల్లగా కనపడేవి ఇవాళ తినడానికి, ఆకుపచ్చగా గట్టిగా ఉన్నవి బియ్యం డబ్బాలో పెట్టడానికి. నేను రెండు రకాలూ కలిపి తీసుకుంటా. మెట్రోలో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మాత్రం పెద్ద పరీక్ష, మలక్‌పేట వచ్చేసరికి పక్కన నిలబడ్డోళ్ల బ్యాగులకి తగిలి కనీసం ఒకటి నలిగి తీరుతుంది. నాంపల్లి నుంచి చైతన్యపురి దాకా రెడ్ లైన్ ఒకటే, మారే పని లేదు, అదొక్కటే నా ఉద్యోగంలో ఉన్న సుఖం.

ఇంటికొచ్చేసరికి నాయిన టీవీ ముందు సిద్ధంగా ఉన్నాడు. పండక్కి మేం ఊరెళ్లినప్పుడు కంటి డాక్టర్‌కి చూపిద్దామని వెంట తీసుకొచ్చాం, చుక్కలు వేసుకోవాలి, ఎక్కువ టీవీ చూడొద్దన్నారు, ఆ రెండో మాట ఆయనకి వినపడలేదు.

"ఏందే బిడ్డా, గింత లేటా. కృష్ణ సిన్మా వెట్టమంటే వీడు నీ కోసం ఆగమన్నడు."

మా చిన్నోడు యూట్యూబ్‌లో వెతికి పెట్టాడు. మోసగాళ్లకు మోసగాడు, 1971. మన దేశంలో వచ్చిన మొదటి కౌబాయ్ సినిమా అని అందరూ చెప్పుకునేది ఇదే. నేను చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చూశానే తప్ప మొత్తం కూర్చుని చూసింది లేదు. అన్నం తింటూ పది నిమిషాలు చూద్దాం, తర్వాత ల్యాప్‌టాప్ తెరుద్దాం అనుకున్నా.

మొదట మావాడికి అనుమానం. "తాతా, వీళ్లు ఇండియాలోనే ఉన్నారా? మరి ఆ టోపీలేంటి, ఆ బూట్లేంటి?" నాయిన తల కూడా తిప్పకుండా "గదంతే" అన్నాడు. నాకు ఆ సినిమాలో నచ్చిందీ అదే. తెల్లదొరల కాలం అంటారు, నిధి అంటారు, ఎడారి, గుర్రాలు, నడుముకి తుపాకులు, నెత్తిన టోపీ, అందులో ఒకడి పేరు మాత్రం నక్కజిత్తుల నాగన్న. ఎక్కడా ఒక్క ముక్క సంజాయిషీ ఉండదు. ఈ టోపీ మనకెలా వచ్చిందని ఎవరైనా అడిగితే కాల్చేసేలా ఉన్నారు. ఆ నాగన్న వేసింది నాగభూషణం. ఆయన కనపడగానే నాయిన ఆయన ఆడిన రక్తకన్నీరు నాటకం గురించి మొదలుపెట్టాడు, దాంతో ఓ ఐదు నిమిషాల కథ పోయింది, పోయినా అర్థమవడానికి ఇబ్బందేం రాలేదు. అందరికీ నిధి కావాలి, ఎవడినీ ఎవడూ నమ్మడు, అంతే.

ఇంగ్లీషు కౌబాయ్ సినిమాల్లోంచి ఎత్తుకొచ్చిన సీన్లు బోలెడు, ఆ సంగతి దాచే ప్రయత్నం కూడా ఏం చేయలేదు. కానీ రాసింది ఎవరనుకున్నారు, ఆరుద్ర. త్వమేవాహం కావ్యం రాసిన ఆరుద్ర, సమగ్ర ఆంధ్ర సాహిత్యం అంటూ సంపుటాలకి సంపుటాలు రాసిన ఆరుద్ర, ఇటు చూస్తే గుర్రాల మీద వాళ్లకి డైలాగులు. సంగీతం సువర్ణసుందరి సినిమాకి చేసిన ఆదినారాయణరావు. అంత మెత్తటి పాటలు కట్టిన మనిషిని పిలిచి తుపాకీ సినిమా చేతిలో పెట్టారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి. డైరెక్టర్ కేఎస్ఆర్ దాస్, అంతకు ముందు ఏడాదే రౌడీరాణి తీసినాయన, ఆయనకి ఫైట్లు కొత్త కాదు. కెమెరా వీఎస్ఆర్ స్వామి. ఆ రాజస్థాన్ ఎడారి, బికనేర్ కోట వైపు షాట్లు ఇప్పుడు మా ఇంటి టీవీలో గీతలు గీతలుగా వచ్చే ప్రింటులో కూడా కళ్లు తిప్పుకోనివ్వలేదు. కృష్ణ చనిపోయాక 2023లో ఆయన పుట్టినరోజుకి 4కేలో మళ్లీ రిలీజ్ చేశారు, అప్పుడు వెళ్లి హాల్లో చూడాల్సింది. పాటలొచ్చినప్పుడు మాత్రం కథ కుంటుతుంది, దాచుకునేదేం లేదు, నేను ఆ టైంలో గిన్నెలు కడిగేశా.

నేను లెక్కల మనిషిని కాబట్టి నా ఆలోచన వేరే వైపు పోయింది. ఈ సినిమా తీసింది కృష్ణ వాళ్ల సొంత కంపెనీ పద్మాలయా. వాళ్ల మొదటి సినిమా అగ్నిపరీక్ష, 1970లో వచ్చింది, ఆడలేదు. నష్టమొచ్చిన మరుసటి ఏడాదే కృష్ణ, ఆయన తమ్ముళ్లు కలిసి తెలుగులో ఎవ్వరూ తీయని రకం సినిమాకి, మద్రాసు నుంచి యూనిట్ మొత్తాన్ని ఎడారి దాకా మోసుకెళ్లి డబ్బు పెట్టారు. కృష్ణకి అప్పటికి ముప్పై కూడా నిండలేదు. మా క్లయింట్ ఎవరైనా ఈ ప్లాన్ పట్టుకుని వస్తే మా సారు కుర్చీలోంచి లేచి తలుపు గడియ పెట్టి మరీ వద్దని చెప్పేవారు. అది కాస్తా పెద్ద హిట్టయింది, ట్రెజర్ హంట్ అని ఇంగ్లీషు డబ్బింగ్ చేసి బయటి దేశాల్లో కూడా ఆడించారు. తెర మీద నిధి కోసం కొట్టుకునే వాళ్లకంటే తెర వెనక చెక్కుల మీద సంతకం పెట్టినోళ్లే నాకు ఎక్కువ తెగింపున్న మనుషుల్లా కనిపించారు.

నాయిన దీన్ని సూర్యాపేటలో నేల టికెట్ మీద చూశాడంట. "గుర్రం దుంకితె మా మీదికే వస్తున్నట్టుండె. దుమ్ము గుడ సిన్మాదో టాకీసుదో తెల్వకపోయేది." సినిమా అంతా ఆయన చూపు కృష్ణ మీద కంటే గుర్రాల మీదే ఉంది. ఆ ఇసుకలో కాళ్లు దిగబడతాయి, నీళ్లు ఎక్కడ తాపారో, రోజుకి ఎన్ని గంటలు పరిగెత్తించారో అని ఒకటే గొణుగుడు. చిన్నప్పుడు ఎడ్ల బండి తోలిన మనిషి కదా.

నిధి గొడవ ముదిరాక నేను ఊరుకోలేక ఓ మాట అన్నా. మా సారు ఒకసారి చెప్పారు, ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ అని 1878 నాటి చట్టం ఒకటుంది, భూమిలో దాచిన సొమ్ము దొరికితే, విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినోడు కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే వాటా పోతుంది, జైలుక్కూడా పోవచ్చు. అన్నీ సరిగ్గా చేసి, సొమ్ముకి అసలు ఓనర్ ఎవరూ లేరని తేలితే, ముందే వేరే ఒప్పందం లేకపోతే ముప్పావు వంతు దొరికినోడిది, పావు వంతు ఆ భూమి గలాయనది.

మావాడు వెంటనే ఫోన్లో లెక్కలు మొదలుపెట్టాడు, నాగన్నకి ఎంతొస్తుంది, దానిమీద టాక్స్ ఎంత అని. ఇంట్లో కూడా ఇదేనా అని మా ఆయన లేచి లోపలికి పోయాడు.

నాయిన మాత్రం చాలా సేపు ఆలోచించి, సీరియస్‌గానే అడిగాడు.

"ముప్పావు దొరికినోనికి, పావు భూమి గలోనికి. మరి గుర్రానికి ఏం లేదా?"