హేస్టింగ్స్ వీధిలో ఒక తలుపు

కెనడాలోని వాంకూవర్ వెళ్తున్నానంటే తెలిసినవాళ్ళంతా స్టాన్లీ పార్కు చూడమన్నారు, కాపిలానో వేలాడే వంతెన చూడమన్నారు. చూశాను, రెండూ బాగున్నాయి. కానీ నేను రాయకుండా ఉండలేనిది ఈస్ట్ హేస్టింగ్స్ వీధి గురించి.

నేను దిగింది వాంకూవర్ పక్కనున్న సర్రేలో, మా పెద్దనాన్నగారి అమ్మాయి ఇంట్లో. అక్క ఫార్మసిస్టు. మత్తు మానాలని వచ్చేవాళ్ళకి రోజూ తన కౌంటర్ దగ్గరే మెథడోన్ కొలిచి ఇస్తుంది, ఆ మందు ఆమె కళ్ళముందే తాగాలి. హేస్టింగ్స్ వీధిలో ఇన్‌సైట్ అని ఒక కేంద్రం ఉంది, మత్తు వాడేవాళ్ళు నర్సుల కళ్ళముందు సూది వేసుకునే చోటు. అది చూడాలని ఉందంటే ఆమె మొహం మారింది. "అదేమన్నా గుడా రా, చూసి రావడానికి? సరే, వెళ్ళు. ఫోన్ తీసి ఫొటోలు మాత్రం కొట్టకు. వాళ్ళూ మనలాంటి మనుషులే" అంది. బావ పక్కనుంచి, "పొద్దున పూట వెళ్ళు, వర్షం లేనప్పుడు" అన్నాడు.

స్కైట్రైన్ ఎక్కి చివరి స్టేషన్ వాటర్‌ఫ్రంట్‌లో దిగాను. పక్కనే గ్యాస్‌టౌన్. ఆవిరి గడియారం ఈల వేస్తుంటే చుట్టూ యాత్రికులు ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. అక్కణ్ణించి క్యారల్ వీధి పట్టుకుని దక్షిణానికి నడిస్తే, ఆ ఈల ఇంకా చెవిలో ఉండగానే పిజన్ పార్కు వచ్చేస్తుంది. దేశంలోనే ఖరీదైన ఇళ్ళున్న నగరాల్లో ఇదొకటి. ఆ నగరంలోనే కాలిబాట మీద దుప్పట్లు, తోపుడు బళ్ళు, పాత చెప్పులూ సైకిల్ చక్రాలూ పరిచి అమ్ముకునేవాళ్ళు. ఒకాయన నడుం దగ్గర రెండుగా వంగిపోయి, చేతులు నేలకి వేలాడేసి, పడిపోకుండా అలాగే నిలబడి ఉన్నాడు. ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు ఎక్కినప్పుడు మనిషి అలా అయిపోతాడట. అటుగా వెళ్తున్న ఒకావిడ ఆగి, వంగి ఆయన మొహంలోకి చూసి, "ఊపిరి ఆడుతోందా అన్నా?" అని గట్టిగా అడిగింది. ఆయన ఏదో గొణిగాడు. ఆవిడ సరేననుకుని తన దారిన వెళ్ళింది. ఆ వీధిలో ఉన్నంతసేపూ ఆ ప్రశ్న రకరకాల గొంతుల్లో వింటూనే ఉన్నాను.

ఇన్‌సైట్ 139వ నంబరు భవనం. చూడ్డానికి మామూలు దుకాణం ముఖద్వారంలా ఉంటుంది. 2003 సెప్టెంబరులో మొదలైంది. ఉత్తర అమెరికాలో చట్టం అనుమతించిన మొట్టమొదటి పర్యవేక్షణ కేంద్రం ఇదే. అనుమతి అడిగి అయినా సరే, లోపలికి వెళ్ళాలనిపించలేదు. మనుషులు తమ బతుకులోని అతి బలహీనమైన ఘడియలో ఉండే గదిలోకి చూడ్డానికని వెళ్ళడం నాకు తప్పనిపించింది. బయటే నిలబడ్డాను. కొంచెం దూరంలో, మెడలో నలోక్సోన్ (ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) సంచీ వేసుకున్న ఒక పెద్దాయన మాట కలిపాడు. ఒకప్పుడు తానూ హెరాయిన్ వాడినవాడే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుడారాల్లో ఓవర్‌డోస్ అయినవాళ్ళని చూసుకునే పని చేస్తున్నాడు. లోపల ఏం జరుగుతుందో ఆయనే విడమరిచి చెప్పాడు.

వచ్చినవాళ్ళు పేరు చెప్పనక్కర్లేదు, ఏదో ఒక మారుపేరు చాలు. ఏ మందు వాడబోతున్నారో చెప్పాలి. మందు వాళ్ళే తెచ్చుకోవాలి, అక్కడ ఎవరూ ఇవ్వరు. శుభ్రమైన సూది, నీళ్ళు, కట్టుకునే పట్టీ ఇస్తారు. లోపల వరసగా 13 అరలు, ఒక్కోదానికి అద్దం. నర్సులు చూస్తుంటారు గానీ సూది మాత్రం వాళ్ళు వేయరు. ఊపిరి తగ్గితే ముందు ఆక్సిజన్, అవసరమైతే నలోక్సోన్. తేరుకున్నాక కూర్చోడానికి ఇంకో గది. "ఆ గదిలోనే అసలు పని జరుగుతుంది" అన్నాడాయన. పుండు చూపించుకోవడం, ఇల్లు లేదని చెప్పుకోవడం, ఒక్కోసారి 'నేను మానేస్తాను' అనడం, అన్నీ అక్కడే. మానేస్తానన్నవాళ్ళ కోసం 2007లో పై అంతస్తులో ఆన్‌సైట్ పేరుతో పడకలు పెట్టారు.

ఈ తలుపు ఎవరో దయతలచి తెరిచింది కాదు. ఆయన చెప్పగా నడుచుకుంటూ ఆపెన్‌హైమర్ పార్కుకి వెళ్ళాను. 1997లో ఓవర్‌డోస్‌తో పోయినవాళ్ళ కోసం ఆ పచ్చిక మీద వెయ్యి శిలువలు నాటారు. హెచ్.ఐ.వి. కూడా ఇక్కడ కార్చిచ్చులా పాకుతోందని ఆ ఏడాదే ఆరోగ్య మండలి అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మత్తు వాడేవాళ్ళు తామే కూడి వాండూ అనే సంఘం పెట్టుకున్నారు, నగర సభలకి వెళ్ళి నిలదీశారు. అప్పటి మేయరు ఫిలిప్ ఓవెన్ సంప్రదాయవాది. ఆయనే మనసు మార్చుకుని, నివారణ, చికిత్స, పోలీసు, హాని తగ్గించడం అనే నాలుగు స్తంభాల విధానాన్ని 2001లో ముందుకు తెచ్చాడు. దానికి సొంత పార్టీ మద్దతు పోగొట్టుకున్నాడు. తర్వాత మేయరైన ల్యారీ క్యాంప్‌బెల్ అంతకుముందు శవపరీక్షల అధికారి, ఈ చావులన్నీ బల్ల మీద చూసినవాడు. ఆయన హయాంలో తలుపు తెరుచుకుంది.

తెరిచాక మూయించాలని ప్రయత్నాలు మొదలయ్యాయి. 2008లో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం నుంచి ఇచ్చిన మినహాయింపును పొడిగించనంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011 సెప్టెంబరు 30న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట మీద నిలబడ్డారు: ఈ కేంద్రం ప్రాణాలు కాపాడుతోంది, ప్రజల భద్రతకి హాని జరిగినట్టు కనబడలేదు, అలాంటిదాన్ని మూయడం జీవించే హక్కుకి విరుద్ధం. ఆ ఏడాదే లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇన్‌సైట్‌కి 500 మీటర్ల లోపల ఓవర్‌డోస్ మరణాల రేటు 35 శాతం తగ్గితే, మిగతా నగరంలో 9.3 శాతమే తగ్గింది.

అయితే ఈ అంకెలు చూపించి ఎదుటివాళ్ళ నోరు మూయించడం నాకిష్టం లేదు. పక్కనే చైనాటౌన్‌లో ఒక మూలికల కొట్టు ముందు ముసలాయన గొట్టంతో కాలిబాట కడుగుతున్నాడు. రోజూ పొద్దున్నే ఇదే పనట. "వాళ్ళు బతకాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ మేమూ ఇక్కడే బతుకుతున్నాం. ఎప్పుడూ మా వీధేనా?" అన్నాడు. ఆ ప్రశ్నలో నాకు ద్వేషం వినబడలేదు. పడమటి వైపు సముద్రం కనబడే ఇళ్ళ మధ్య ఇలాంటి కేంద్రం పెడతామని ఏ నాయకుడూ అనడు. భారమంతా ఒక్క పేట మీద మోపి, ఆ పేట విసిగితే మనసు లేనివాళ్ళనడం అన్యాయం.

పైగా 2003 నాటి మందు వేరు, ఇప్పటి మందు వేరు. హెరాయిన్ స్థానంలో ఫెంటనిల్ వచ్చింది. ఊపిరి నిమిషాల్లో ఆగిపోతుంది. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2012లో ఈ చావులు 300 కూడా లేవు. 2016 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. 2023లో 2,500 దాటాయి. 2024లో తగ్గాయి, అయినా 2,000 పైనే. 2016 సెప్టెంబరులో శారా బ్లైత్, ఆన్ లివింగ్‌స్టన్ లాంటివాళ్ళు ఎవరి అనుమతీ లేకుండా ఒక సందులో గుడారం వేసి మనుషుల్ని కాపాడడం మొదలుపెట్టారు. డిసెంబరులో ఆరోగ్య మంత్రి ఉత్తర్వుతో అలాంటి గుడారాలు అధికారికమయ్యాయి. ఇప్పుడు చాలామంది సూది మానేసి రేకు మీద కాల్చి పొగ పీలుస్తున్నారు. సూదుల కోసం కట్టిన గదిలో పొగకి చోటు లేదు. అందుకే బయట ఆ గుడారాలు. పెద్దాయన ఇంకొకటి చెప్పాడు. బెంజోలు, అంటే నిద్రమాత్రల జాతి మందులు, కలిపిన సరుకు వస్తోందట. నలోక్సోన్ ఇస్తే ఊపిరి వస్తుంది, తెలివి రాదు. గంటలకొద్దీ పక్కన కూర్చోవాలి.

సర్రే తిరిగి వెళ్ళాక రాత్రి భోజనాల దగ్గర అక్కతో పెద్ద వాదనే జరిగింది.

"నా దగ్గరకొచ్చేవాడు తెల్లారకుండా లేచి, వణుకుతూ బస్సెక్కి వస్తాడు. మానాలని. వాడికి పడక కావాలంటే వారాలు ఆగమంటారు. వాడుకుంటానంటే మాత్రం ఇప్పుడే తలుపు తీస్తారు. ఇదేం న్యాయంరా?" అంది.

నేను మరణాల లెక్క చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "బతికించడం ఒప్పుకుంటా. బతికించి ఏం చేస్తున్నారు? మర్నాడు మళ్ళీ అదే సందు. వీధి సరుకుకి బదులుగా డాక్టర్లే మందులు రాసిచ్చి ఇంటికి పంపినప్పుడూ చూశాం కదా, కొంతమంది వాటిని బయట అమ్మేశారు. ఇప్పుడు అవి కూడా ఎదురుగానే వేసుకోవాలని రూలు మార్చారు."

చిన్న మొత్తం దగ్గరుంచుకుంటే నేరం కాదంటూ 2023 జనవరిలో మొదలైన ప్రయోగాన్ని, ఏడాది తిరిగాక 2024 మేలో బహిరంగ ప్రదేశాలకి వర్తించకుండా వెనక్కి తీసుకున్నారు. బస్సుస్టాపుల్లో, ఆస్పత్రుల్లో వాడుతున్నారని జనం గోల పెట్టారు. ఆ కోపంలో ఇన్‌సైట్ లాంటి కేంద్రాలకీ చెడ్డపేరు వచ్చింది. నాకు ఇది చాలా బాధ కలిగించే తికమక. బహిరంగంగా వాడకూడదనుకునేవాళ్ళకి కావలసింది గోడలూ తలుపూ ఉన్న గదే కదా! ఒంటారియో రాష్ట్రం మాత్రం స్కూళ్ళకి, పిల్లల సంరక్షణ కేంద్రాలకి 200 మీటర్ల లోపల ఉన్న ఇలాంటి గదుల్ని 2025 మార్చి ఆఖరుకల్లా మూసేయమంది. బడి పక్కన వద్దనడంలో తల్లిదండ్రుల భయం నాకర్థమవుతుంది. మూసేముందు ఇంకోచోట తెరిచి ఉండాల్సింది.

అంతదాకా మాట్లాడకుండా ఉన్న బావ అప్పుడు నోరు విప్పాడు. ఆయన భవన నిర్మాణ కంపెనీలో ఇంజినీరు. "హేస్టింగ్స్‌లో పోయేవాళ్ళ గురించే మీరిద్దరూ మాట్లాడుతున్నారు. మా సైట్‌లో పోయినవాడికి ఇల్లుంది, ట్రక్కుంది, ఇద్దరు పిల్లలున్నారు. నడుం నొప్పికి మాత్రలతో మొదలైంది. ఇంట్లో బాత్రూంలో తలుపేసుకుని పోయాడు. పంజాబీ కుర్రాడు. వాళ్ళమ్మకి ఇప్పటికీ గుండెపోటనే చెప్పారు" అన్నాడు.

అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఈ విషయం ఆమెకీ కొత్తే.

ఈ రాష్ట్రంలో ఎక్కువమంది చనిపోయేది వీధిలో కాదు, నాలుగు గోడల మధ్య, చాలామంది తమ ఇళ్ళలోనే. నిర్మాణ పనులు చేసే, ట్రక్కులు నడిపే మగవాళ్ళు వీళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ 139వ నంబరు ముందు వరసలో నిలబడరు. ఎవరైనా చూస్తారని భయం. సర్రేలో 2017లో ఇన్‌సైట్ లాంటిదే సేఫ్‌పాయింట్ తెరిచినా, బావ చెప్పిన కుర్రాడు అటు వెళ్ళి ఉండడు. వ్యసనాన్ని ఇంటి పరువుతో కట్టేసినన్నాళ్ళూ వాళ్ళు తలుపు వేసుకుని ఒంటరిగానే వాడతారు. ఒంటరిగా వాడితే నలోక్సోన్ ఇచ్చే చెయ్యి ఉండదు. ఇన్‌సైట్‌లో జరిగేది అంత చిన్న విషయమే, పక్కన ఒక మనిషి ఉండడం. దాన్ని ప్రోత్సాహం అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అది చాలనడం అక్కకి ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రెండో మాట దగ్గర ఆమే సరి.

గిన్నెలు సర్దుతుంటే అడిగాను. "అక్కా, నీ దగ్గర మెథడోన్ తీసుకునేవాడు ఒకరోజు రాత్రి తట్టుకోలేక మళ్ళీ కొన్నాడనుకో. నువ్వు కౌంటర్ మూసేశావు. వాణ్ణి ఎక్కడికి వెళ్ళమంటావు?"

"ఇన్‌సైట్‌కే వెళ్ళమంటా" అంది వెంటనే. "ఆ మాట ఇప్పటికే కొంతమందికి చెప్పాను కూడా. కానీ పొద్దున్నే వాడు మానతానంటే ఆ పూటే పడక ఇవ్వమను. అదిస్తే మా వీధిలోనే పెట్టినా నేను సంతకం పెడతాను."